ఎరిచె రివ్యూ: రెండు గంటల కోసం వెళ్లకండి, రాత్రి ఉండండి

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నా, ఈ ఊళ్లో ఒక రాత్రికి గది నాకు ఉచితంగా ఇచ్చారు. అందుకే ఆ గది గురించి ఈ వీడియోలో ఒక్క ముక్క కూడా మాట్లాడను. తిండి, టిక్కెట్లు అన్నీ నా డబ్బులే.

ఎలా వెళ్లాలో మీరు ఇప్పటికే చూసి ఉంటారు. ఇటలీలోని సిసిలీ దీవి పడమటి కొసన, త్రాపాని ఊరి నెత్తి మీద 750 మీటర్ల కొండ. కింద నుంచి కేబుల్ కార్‌లో పది నిమిషాలు. గాలి ఎక్కువైతే ఆపేస్తారు, అదొక్కటి గుర్తుంచుకోండి.

ఇక అసలు విషయం, పొగమంచు. పోయినసారి ఒక టూర్ వాళ్లతో వచ్చాను. రెండు గంటలు టైమిచ్చారు. ఆ రెండు గంటలూ మంచే. కింద ఉప్పుమళ్లు లేవు, సముద్రంలో ఎగాది దీవులు లేవు, పక్కనున్న గోడ కూడా సరిగ్గా కనపడలేదు. బస్సెక్కి తెగ తిట్టుకున్నాను. సిసిలీ తూర్పు తీరాన ఎండలో తళతళలాడే తావోర్మీనా ఊరు చూసొచ్చిన కళ్లు కదా మరి.

సముద్రం మీది తేమగాలి ఒంటరిగా నిలబడ్డ ఈ కొండకి తగిలి, పైకెక్కి చల్లబడుతుంది. అదే ఈ మంచు. ఊరివాళ్లు దీన్ని వీనస్ ముద్దులు అంటారు. కొండ కొమ్మున ఆ దేవత గుడి ఉండేది. ఫినీషియన్లు అస్తార్తె అన్నారు, గ్రీకులు ఆఫ్రొదితె, రోమన్లు వీనస్. 12వ శతాబ్దంలో నార్మన్లు అక్కడే కోట కట్టారు.

ఈసారి సాయంత్రం టూర్ల జనం దిగిపోయాక మంచు మొదలైంది. ఒక్కసారి ఈ క్లిప్ సౌండ్ పెంచి వినండి. నా అడుగుల చప్పుడు తప్ప ఏమీ లేదు. కింద రాళ్లు చూడండి: పెద్ద పలకలతో చదరాలు, వాటి మధ్య చిన్న రాళ్లు, అరిగి అరిగి అద్దంలా అయిపోయాయి. తడిస్తే జర్రున జారతాయి, గ్రిప్ ఉన్న బూట్లు తప్పనిసరి. 1314లో కట్టిన పెద్ద చర్చి దగ్గరికి వెళ్తే, గంటల గోపురం పైసగం మంచులో కలిసిపోయింది. అక్కడే ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలీదు.

ఎండ రోజు ఫొటోలే కావాలంటే తావోర్మీనాకే వెళ్లండి. నాకైతే ఎరిచెనే కావాలి, అదీ రాత్రి ఉండేలాగే.

పొద్దున్న ఒక బేకరీలో జెనొవేసె అనే ఇక్కడి పేస్ట్రీ తిన్నాను. గుండ్రంగా, పైన చక్కెర పొడి. కొరికితే లోపల వేడి క్రీమ్, నాలుక చుర్రుమంది. అయినా ఆగలేదు. కౌంటర్ దగ్గరున్న పెద్దావిడ రెండోది కాగితంలో చుట్టి చేతిలో పెట్టేసరికి, వీధి చివర కోట గోడ మెల్లగా కనపడుతోంది.