కంచె వేసే ముందు సర్వే కాగితం తీయండి

అందరికీ నమస్కారం. అమెరికాలో, టెక్సస్‌లోని డాలస్‌లో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు కంచె మాట రాగానే "పర్మిట్ కావాలా?" అని అడుగుతారు. కంచె ఎక్కడ నిలబడుతుందో తేలితే పర్మిట్ సంగతి సగం తేలినట్టే.

డాలస్ నగరంలో ముందు యార్డులో 4 అడుగులు, మిగతా చోట్ల 6 అడుగులు దాటితే పర్మిట్ తీసుకోవాలి. చుట్టుపక్కల నగరాలైన ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్‌లలో ఎక్కడి నిబంధనలు అక్కడివే. ప్లేనోలో స్నేహితుడు వేశాడు కదా అని మీరూ అలాగే వేయకండి. పర్మిట్ అక్కర్లేని కంచెకీ నిబంధనలు వర్తిస్తాయి.

ఇల్లు కొన్నప్పుడు ఇచ్చిన సర్వే కాగితం, అంటే స్థలం హద్దులు చూపే పటం తీసి, దాని మీద పెన్సిల్‌తో కంచె గీయండి. రోడ్డు కర్బు (రోడ్డు అంచున ఉండే సిమెంటు గట్టు) దాకా మన స్థలమే అనుకోవద్దు. సాధారణంగా కర్బుకీ మన హద్దుకీ మధ్య కొన్ని అడుగులు నగరానివి. ఈజ్‌మెంట్లు (మన స్థలంలోనే పైపులు, లైన్లు, వాన నీటి కోసం ఇతరులకు వాడుకునే హక్కున్న భాగాలు) ఎక్కడున్నాయో కూడా చూడండి. డ్రైనేజీ ఈజ్‌మెంటుకి అడ్డంగా, నేలకి ఆనించి చెక్కలు కొడితే వాన నీరు ఆగిపోయి పక్కింట్లోకి మళ్లుతుంది.

ఎక్కువమంది దెబ్బతినేది చూపు త్రికోణం దగ్గర, అంటే డ్రైవర్లకి రోడ్డు కనబడేలా మలుపులో ఖాళీగా ఉంచాల్సిన చోటు దగ్గర. డాలస్‌లో మూల స్థలమైతే రెండు రోడ్ల కర్బులు కలిసే చోటు నుంచి రెండు వైపులా 45 అడుగులు కొలిచి, ఆ రెండు చివర్లనీ కలపండి. కొన్ని జోన్లలో 30 అడుగులే. ఆ త్రికోణంలో కర్బు పైఅంచు నుంచి రెండున్నర అడుగులు మొదలు 8 అడుగుల దాకా చూపుకి ఏదీ అడ్డు రాకూడదు. డ్రైవ్‌వే గానీ, ఆలీ (ఇళ్ల వెనక ఉండే సందు) గానీ రోడ్డుని కలిసే చోట ఆ కొలత 20 అడుగులు. వెనక యార్డే కదా అని ఆలీ మలుపు దాకా నిండు చెక్కల కంచె లాగేస్తారు. ఆలీలోంచి రోడ్డెక్కే డ్రైవర్‌కి సైకిల్ మీద వచ్చే పిల్లవాడు కనబడడు. నా దృష్టిలో అన్నిటికంటే ముందు పాటించాల్సిన నిబంధన ఇదే.

హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఉంటే దాని అనుమతి వేరు, నగరానిది వేరు. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనుకోకండి. చెక్కలు ఆర్డర్ చేసేది రెండూ చేతికొచ్చాకే.

గుంతలు తవ్వడానికి కనీసం రెండు పనిదినాల ముందు 811కి ఫోన్ చేయండి, నేలలో ఉన్న లైన్లు ఎక్కడున్నాయో గుర్తులు పెట్టిస్తారు, ఉచితం. పసుపు గుర్తు గ్యాస్, ఎరుపు కరెంటు, నీలం మంచినీళ్లు. గుర్తుల దగ్గర మెషీన్ పెట్టకుండా చేత్తోనే తవ్వించండి. మీ స్ప్రింక్లర్ పైపులకి వాళ్లు గుర్తులు పెట్టరు, అవి మీరే వెతికి పెట్టుకోవాలి.