మా అమ్మాయి మొదటి ఓటు, 100 అడుగుల అవతల మేము

నమస్తే అండి, అందరూ బాగున్నారా? ఈ వ్లాగ్‌లో పోలింగ్ సెంటర్ లోపలి వీడియో ఒక్క ముక్క కూడా ఉండదు. టెక్సస్‌లో ఓటేసే చోటికి 100 అడుగుల లోపు ఫోన్ వాడకూడదు. అందుకే కెమెరా కార్లోనే వదిలేశాను. ఫలితాలు వచ్చాక ఇప్పుడు కూర్చుని చెబుతున్నాను.

మా పెద్దమ్మాయికి ఈ ఏడాదే 18 నిండాయి. ఇక్కడే పుట్టింది కాబట్టి పుట్టుకతోనే సిటిజన్. మేము 2006లో వచ్చాం, గ్రీన్ కార్డు 2022లో చేతికొచ్చింది. ఆ తర్వాత ఐదేళ్లు నిండితేగానీ సిటిజన్‌షిప్ రాదు. అంటే 2027 దాకా ఆగాలి.

2025 నవంబర్ 4న ఎన్నిక, అక్టోబర్ 20 నుంచే ముందస్తు ఓటింగ్. శనివారం పొద్దున్నే పోలింగ్ సెంటర్ పెట్టిన లైబ్రరీకి వెళ్లాం. గడ్డిలో ఆ 100 అడుగుల హద్దు చూపే చిన్న బోర్డు గుచ్చి ఉంది, 'డిస్టెన్స్ మార్కర్' అని. అమ్మాయి డ్రైవింగ్ లైసెన్స్ చేత్తో పట్టుకుని ఆ బోర్డు దాటి వెళ్లిపోయింది. నేను, మా ఆయన ఇవతలే నిలబడ్డాం.

బ్యాలెట్ మీద 17 ప్రతిపాదనలు, అన్నీ రాష్ట్ర రాజ్యాంగ సవరణలే. అందులో పదహారోది మాలాంటి వాళ్ల గురించి. అమెరికా పౌరులు కానివాళ్లు ఓటేయకూడదని రాజ్యాంగంలో విడిగా రాయాలా అని. అలాగని ఇదివరకు మాకు ఓటు ఉండేదని కాదండి. ఓటరు పౌరుడై ఉండాలన్న మాట అందులో ఎప్పటినుంచో ఉంది. ఓటు లేనివాళ్ల జాబితాలో మాత్రం 18 నిండనివాళ్లు, శిక్ష పడ్డవాళ్లు లాంటివాళ్లే ఉండేవాళ్లు. ఇప్పుడు మమ్మల్నీ చేర్చారు. నూటికి 70 మందికి పైగా అవునన్నారు.

ఇదంతా ఎందుకంటే, 'ప్రతి పౌరుడికీ ఓటు' అని రాసినంత మాత్రాన మిగతావాళ్లకి ఇవ్వకూడదని అర్థమా? న్యూయార్క్ నగరం ఇవ్వొచ్చనే అనుకుని, స్థానిక ఎన్నికల్లో దాదాపు 8 లక్షల మందికి ఓటిస్తూ చట్టం చేసింది. రాష్ట్ర రాజ్యాంగం పౌరులకే ఓటంటోందని అక్కడి అత్యున్నత కోర్టు 2025 మార్చిలో దాన్ని కొట్టేసింది. మేరీల్యాండ్‌లో టకోమా పార్క్ అనే చిన్న ఊళ్లో మాత్రం 1993 నుంచీ పౌరులు కానివాళ్లు కూడా ఊరి ఎన్నికల్లో ఓటేస్తున్నారు.

మా అమ్మాయి చదివి చెప్పిన ఇంకో సంగతి నన్ను వదలడం లేదు. ఒకప్పుడు టెక్సస్‌లో, పౌరుణ్ణి అవుతానని కాగితం దాఖలు చేసిన వలస మగవాళ్లకి ఓటుండేది. ఇక్కడే పుట్టిన ఆడవాళ్లకి లేదు! 1919లో ఆడవాళ్లకి ఓటు ఇవ్వడం, వలసవాళ్లకి తీసేయడం, రెండూ కలిపి ఒకే సవరణగా పెట్టారు. ఓడిపోయింది. ఆ రోజు వలస మగవాళ్లు ఓటేయగలిగారు, ఆడవాళ్లు వేయలేకపోయారు. 1920లో దేశమంతా ఆడవాళ్లకి ఓటొచ్చింది, 1921లో టెక్సస్ వలసవాళ్ల ఓటు తీసేసింది.

నా మనసులో మాట చెప్తాను. గవర్నర్‌ని ఎన్నుకోవడానికి పౌరసత్వం అడగడం న్యాయమే, మన రాజ్యాంగం 326వ అధికరణం కూడా అదే అడుగుతుంది. కానీ నా ప్రాపర్టీ ట్యాక్స్‌లో పెద్ద వాటా స్కూలుకే పోతోంది, మా చిన్నోడు ఆ స్కూల్లోనే చదువుతున్నాడు. ఆ స్కూల్ బోర్డుకైనా ఓటుంటే బాగుండేదని గట్టిగా అనిపిస్తుంది.

కొత్తగా వచ్చినవాళ్లకి ఒక్క మాట. లైసెన్స్ ఆఫీసులో ఫారం నింపేటప్పుడు ఓటరుగా నమోదవుతారా అన్న ప్రశ్న వస్తుంది. తొందరలో 'అవును' అనకండి. సిటిజన్ కాకుండా సిటిజన్‌నని చెబితే దేశం నుంచి పంపేయొచ్చు, మళ్లీ రావడం కూడా దాదాపు అసాధ్యం.

అమ్మాయి 'ఓటేశాను' అనే స్టిక్కర్ అంటించుకుని బయటికొచ్చింది. పదహారోదానికి ఏం వేశావని నేను అడగలేదు. అదే నన్ను అడిగింది, "నువ్వు ఆఖరిసారి ఎప్పుడు వేశావమ్మా?"

2004లో, ఖమ్మం జిల్లాలో మా ఊరి బళ్లో. లైన్లో నా ముందు మా అమ్మమ్మ. మిషన్ బీప్‌మనగానే ఉలిక్కిపడి, "పడిందా నాయనా?" అని ఆఫీసర్ని రెండుసార్లు అడిగింది.