గాలన్ అంటే ఏ గాలన్? మిద్దెతోటలో కొలతల మార్పిడి

అందరికీ నమస్కారం.

మిద్దెతోట పెంచేవాళ్లు చాలామంది ఇప్పుడు అమెరికా, ఇంగ్లండ్ వీడియోలు చూసి మందులు కలుపుతున్నారు. వాళ్లు చెప్పేది గాలన్లలో, ఔన్సుల్లో. మన చేతిలో ఉండేది లీటరు సీసా. లెక్క తప్పితే మాడేది మొక్క.

ముందు గాలన్ సంగతి తేల్చుకుందాం. అమెరికా గాలన్ అంటే 231 ఘనపుటంగుళాలు, 3.785 లీటర్లు. ఇది 1707 నాటి ఇంగ్లండు ద్రాక్షసారా కొలత. 1824లో ఇంగ్లండు దాన్ని వదిలేసి, పది పౌన్ల నీళ్లు పట్టే కొత్త గాలన్ పెట్టుకుంది. అది 4.546 లీటర్లు. అమెరికా మాత్రం పాతదే ఉంచుకుంది. ఔన్సులూ అంతే: అమెరికా గాలనుకు 128, ఇంగ్లండు గాలనుకు 160. కాబట్టి 'గాలనుకు ఒక ఔన్సు' అంటే అమెరికా లెక్కలో లీటరుకు 7.8 మి.లీ., ఇంగ్లండు లెక్కలో 6.25 మి.లీ. వీడియో ఏ దేశానిదో చూడకుండా మందు కలపకండి.

వేపనూనె తీసుకోండి. 'గాలను నీళ్లకు ఒక టేబుల్ స్పూన్' అని అమెరికావాళ్లు చెబుతారు. టేబుల్ స్పూన్ 15 మి.లీ., దాన్ని 3.785తో భాగిస్తే లీటరుకు 4 మి.లీ. గాలన్ అంటే లీటరులాంటిదేలే అనుకుని లీటరు నీళ్లలోనే ఆ స్పూన్ మొత్తం పోస్తే మందు నాలుగింతలవుతుంది. మిరప, టమాటా లేత ఆకులు అంచుల నుంచి మాడిపోతాయి. వంటింటి గరిటెలు, చెంచాలు ఒక్కో ఇంట్లో ఒక్కో సైజు, వాటిని నమ్మొద్దు. మందుల షాపులో 5 మి.లీ. సిరంజి దొరుకుతుంది, సూది తీసేసి తోటకే ఉంచుకోండి. ఆస్ట్రేలియా టేబుల్ స్పూన్ 20 మి.లీ., అదీ గుర్తుంచుకోండి.

ఇక కుండీలు. మనం వీటిని అంగుళాల్లోనే కొంటాం కాబట్టి దారి సులువు. చతురస్రం టబ్బుకు పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 61తో భాగిస్తే లీటర్లు వస్తాయి. గుండ్రటి గ్రో బ్యాగుకు వ్యాసాన్ని వ్యాసంతో, మళ్లీ ఎత్తుతో గుణించి 78తో భాగించాలి. 12 అంగుళాల వ్యాసం, 12 ఎత్తు ఉంటే 22 లీటర్లు. పైన రెండంగుళాలు నీళ్లకు వదులుతాం కదా, ఎత్తు 10 వేసుకుంటే మట్టి మిశ్రమం పద్దెనిమిదిన్నర లీటర్లు చాలు. బకెట్‌లా కింద సన్నగా ఉంటే పై వ్యాసం, కింది వ్యాసం కలిపి సగం చేసి ఆ సంఖ్య వాడండి. అసలు విలువకు బాగా దగ్గరగా వస్తుంది.

24×24×12 టబ్బు నాలుగు ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 28.3 లీటర్లు, మొత్తం 113. రెండంగుళాలు వదిలితే 94. మట్టి, కోకోపీట్ (కొబ్బరి పొట్టు), వర్మీకంపోస్టు సమంగా కలిపితే ఒక్కొక్కటి 31 లీటర్ల పైచిలుకు, అంటే పది లీటర్ల బకెట్‌తో మూడు బకెట్లు, మరో లీటరున్నర. కోకోపీట్‌ను నానబెట్టి, పిండి, పొడిపొడిగా విడిపోయాకే కొలవాలి. ఎండు దిమ్మ కొలత ఇక్కడ పనికిరాదు. బకెట్‌నీ ఒకసారి సరిచూసుకోండి: లీటరు సీసాతో పదిసార్లు నీళ్లు పోసి, నీళ్లు నిలిచినచోట పర్మనెంట్ మార్కర్‌తో గీత పెట్టండి. చాలా బకెట్లలో ఆ గీత అంచుకు కాస్త కిందే పడుతుంది.

'వారానికి అంగుళం నీళ్లు' పోయాలని చెబుతుంటారు, అంటే చదరపుటడుగుకు 2.36 లీటర్లు. పై టబ్బుకు తొమ్మిదిన్నర లీటర్లు. అది నేలమీది మళ్ల లెక్క. మన ఏప్రిల్, మే ఎండల్లో మిద్దె మీది టబ్బుకు చాలదు, రోజూ రెండంగుళాల లోతున వేలు పెట్టి తడి చూసి పోయాల్సిందే.