పక్షుల టాక్సిడెర్మీ కొత్తగా మొదలుపెడుతున్నారా? ముందు స్టడీ స్కిన్ చెయ్యండి

[స్క్రీన్ మీద: వెల్లకిలా పడుకోబెట్టిన పక్షి, రెక్కలు మూసి, కాలికి చీటీ కట్టి ఉంది]

నమస్తే అండి. టాక్సిడెర్మీ అంటే చచ్చిన పక్షి తోలు ఒలిచి, లోపల దూది లాంటిది నింపి, పాడవకుండా దాచడం. ఇప్పుడు మీరు చూస్తున్నదాన్ని స్టడీ స్కిన్ అంటారు, మ్యూజియంల సొరుగుల్లో రీసెర్చ్ కోసం దాచేవి ఇలాగే ఉంటాయి, లోపల దూది, కళ్ళ చోట కూడా దూదే. కొత్తవాళ్ళు చాలామంది రెక్కలు విప్పుకుని కొమ్మ మీద కూర్చున్న పక్షినే మొదట చెయ్యాలనుకుంటారు. నా మాట వినండి, ముందు ఇది చెయ్యండి. అసలు కష్టమంతా తోలు ఒలవడంలో, కడగడంలో, ఆరబెట్టడంలో ఉంది, ఆ మూడూ ఇక్కడే చేతికొచ్చేస్తాయి, పోజు తర్వాత చూసుకోవచ్చు.

పని మొదలెట్టే ముందు పక్షి ఎక్కణ్ణించి వచ్చిందో చూసుకోండి. చాలా దేశాల్లో అడవి పక్షులకి చట్టం రక్షణ ఉంది, దారిలో చచ్చిపడి కనిపించినా తెచ్చుకోకూడదు. అమెరికాలో 1918 నాటి వలస పక్షుల చట్టం కిందికొచ్చే పక్షిదైతే అనుమతి లేకుండా ఈక దగ్గరుంచుకున్నా నేరమే. యూరోపియన్ స్టార్లింగ్‌కి, అంటే మన గోరింక కుటుంబానికి చెందిన పక్షికి, మాత్రం అక్కడ ఆ రక్షణ లేదు, పైగా దాని తోలు కాస్త గట్టిగా ఉంటుంది, అందుకే చాలామంది దానితోనే మొదలుపెడతారు. మీ దగ్గర రూల్ ఏంటో కనుక్కోండి, లేదంటే ఫారంలో పెంచిన పక్షి తీసుకోండి. పావురం వద్దు, దాని ఈకలు ముట్టుకుంటే రాలిపోతాయి. బాతూ వద్దు, ఒంటినిండా కొవ్వే.

జబ్బుతో పోయిన పక్షిని అస్సలు ముట్టుకోవద్దు. బర్డ్ ఫ్లూ, సాల్మొనెల్లా లాంటివి మనుషులకీ అంటుకుంటాయి కాబట్టి గ్లవ్స్, మాస్క్ తప్పనిసరి, వంటింటి కత్తులు ఈ పనికి వాడొద్దు.

వెంటనే చెయ్యలేకపోతే ప్లాస్టిక్ కవర్లో గట్టిగా చుట్టి ఫ్రీజర్లో పెట్టండి, చేసే ముందు ఫ్రిజ్‌లో మెల్లగా కరగనివ్వండి. బయట ఎక్కువసేపు ఉంచితే పొట్ట దగ్గర కుళ్ళు మొదలై ఈకలు ఊడొస్తాయి, అప్పుడిక చేసేదేం లేదు.

[క్లోజప్: రొమ్ము మీద ఈకలు పక్కకి తీస్తున్న వేళ్ళు]

రొమ్ము మధ్య ఎముక మీద ఈకలు రెండు పక్కలకీ విడదీస్తే చర్మం కనిపిస్తుంది, అక్కడ ఒక్క గాటు పెట్టండి, తోలు మాత్రమే తెగాలి. పొట్ట పొర తెగితే లోపలిదంతా బయటికొచ్చి ఈకలకి అంటుతుంది. గాటు పెట్టాక కత్తి పక్కన పెట్టేసి వేలితోనో కత్తి పిడితోనో మెల్లగా తోస్తూ విడదీయండి, తడి కనిపించినప్పుడల్లా వెలిగారం, అంటే బోరాక్స్ పౌడర్ చల్లుతూ ఉండండి. తోక దగ్గర చివరి ఎముక తోలుతోనే ఉండిపోవాలి, తోక ఈకల వేళ్ళు దానికే ఉంటాయి, అది తీసేస్తే తోక మొత్తం ఊడొస్తుంది. తలని ముక్కు దాకా తిరగేసి కళ్ళు, మెదడు తీసేయాలి, చెవుల దగ్గర తొందరపడొద్దు, చెవి లోపలి పొరని పట్టకారుతో లాగితే వచ్చేస్తుంది.

ఒలిచిన కళేబరాన్ని అప్పుడే పారేయొద్దు! పొడవు, చుట్టుకొలత రాసుకోండి, లోపల పెట్టే దూది సరిగ్గా అంతే ఉండాలి, ఎక్కువైతే పక్షి ఉబ్బిపోయినట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు తోలుకున్న కొవ్వంతా గీకేసి, గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన చల్లటి నీళ్ళలో కడగండి, నురగ పోయేదాకా మళ్ళీ మళ్ళీ. తడిసిన తోలు చూస్తే పాడైపోయిందనే అనిపిస్తుంది, నల్లగా, ముద్దగా ఉంటుంది, కంగారుపడకండి. టవల్‌తో అద్ది, హెయిర్ డ్రయర్ చల్లగాలి మీద పెట్టి ఈకలకి ఎదురుగా ఊదుతూ వేళ్ళతో కదిలిస్తూ ఉంటే, మొదట అడుగున ఉన్న నూగు విచ్చుకుంటుంది, తర్వాత పై ఈకలు ఒక్కొక్కటే వాటి చోట కూర్చుంటాయి. ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. నూగు పూర్తిగా ఆరకుండా ఆపేస్తే మాత్రం ఈకలు జిగురు పెట్టినట్టు అతుక్కుపోతాయి.

లోపల బోరాక్స్ రాసి, పుల్లకి చుట్టిన దూది పెట్టి కుట్టేయండి, కుట్టులో ఈకలు ఇరుక్కోకుండా చూసుకోండి. ఈకలు సర్ది, పల్చటి గుడ్డతో చుట్టి, గాలి తగిలే చోట కొన్ని వారాలు ఆరనివ్వండి. పక్షి పేరు, దొరికిన చోటు, తేదీ చీటీ మీద రాసి కాలికి కట్టండి, అవి లేకపోతే రీసెర్చ్‌కి అది పనికిరాదు.

ఒక్క జాగ్రత్త. పాతకాలంలో ఇలా చేసిన పక్షులు ఎక్కడైనా దొరికితే ఉత్తచేతులతో పట్టుకోవద్దు, దులపొద్దు. పురుగు పట్టకుండా 18వ శతాబ్దం నుంచి చాలాకాలం తోలుకి ఆర్సెనిక్ పూసేవాళ్ళు, ఆ విషం ఇప్పటికీ వాటిమీద ఉండొచ్చు.