గ్వెన్ పోయాక వచ్చిన తోడేలు: స్పైడర్‌మాన్ 124, 125 ఎందుకు వదిలేయకూడదు

హాయ్ అందరికీ. ఈ వీడియో కాస్త కోపంతోనే చేస్తున్నాను. స్పైడర్‌మాన్ అంటే పీటర్ పార్కర్, అతని ప్రియురాలు గ్వెన్ స్టేసీ. ఆమె చావు మీద ఏ వీడియో చూసినా కథ ఒక్కచోటే ఆపేస్తారు. అమేజింగ్ స్పైడర్‌మాన్ కామిక్ 121వ సంచికలో గ్వెన్ పోయింది, 122లో ఆమెని వంతెన మీద నుంచి తోసేసిన విలన్ గ్రీన్ గోబ్లిన్ పోయాడు, పగ తీరింది, కథ కంచికి మనం ఇంటికి. మరి ఆ వెంటనే 124, 125లో వచ్చిన తోడేలు మనిషి మ్యాన్‌వుల్ఫ్ సంగతేంటి అని అడిగితే, "అదా, ఫిల్లర్" అంటారు, అంటే ఖాళీ నింపడానికి వేసిన కథ అని. ఫిల్లర్ కాదండీ. పీటర్ పార్కర్ దుఃఖం అంటూ ఎక్కడైనా ఉంటే అది ఈ తోడేలు కథలోనే ఉంది. అదెలాగో చెప్తాను.

(స్క్రీన్ మీద: 121 నుంచి 125 వరకు ఐదు కవర్లు వరసగా)

మన ఇళ్లల్లో ఎవరైనా పోతే ఎలా ఉంటుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మొదటి పది రోజులూ ఇంటినిండా జనం. వంట ఎవరో చూసుకుంటారు, ఫోన్ ఎవరో ఎత్తుతారు, ఏడుపొస్తే పట్టుకోవడానికి పక్కన ఎవరో ఒకరుంటారు. పెద్దకర్మ అయిపోయి, భోజనాలు అయిపోయి, చుట్టాలంతా బస్సెక్కేసి, వాకిట్లో షామియానా కూడా విప్పేశాక ఇల్లు ఒక్కసారిగా ఖాళీ అయిపోతుంది చూశారూ, అసలు ఏడుపు అప్పుడు మొదలవుతుంది. 121, 122 ఆ మొదటి రోజుల గోల. 123లో గ్వెన్ అంత్యక్రియలు. 124 షామియానా విప్పేసిన మర్నాడు. ఈ పోలిక గుర్తుపెట్టుకోండి, మళ్లీ మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

122 చివర్లో ఏమవుతుందో చూడండి. స్పైడర్‌మాన్ గోబ్లిన్‌ని చావగొడతాడు, చంపేసేంత వరకూ వెళ్లి తనే ఆగిపోతాడు. గోబ్లిన్ తను ఎక్కి ఎగిరే యంత్రం, గ్లైడర్‌ని పీటర్ వెనక నుంచి వదుల్తాడు, పీటర్ పక్కకి తప్పుకుంటాడు, అది గోబ్లిన్‌కే దిగుతుంది. సరే, చచ్చాడు. అప్పుడు పీటర్ ఏమంటాడు? వీడు చస్తే మనసు కాస్త తేలికవుతుందనుకున్నాను, తేలిక కాకపోగా ఇంకా ఖాళీ అయిపోయింది, ఇంకా ఒంటరినయ్యాను అన్నట్టు మాట్లాడతాడు. పగ తీరింది, కథ అయిపోయింది అనేవాళ్లు ఆ పేజీ చదివారా అని నా అనుమానం. ఎందుకంటే అక్కడ రైటర్ నోరు తెరిచి చెప్తున్నాడు, ఏమీ తీరలేదని.

ఆ తర్వాత పేజీ నాకు ఇంకా ఇష్టం. స్నేహితురాలు మేరీ జేన్ ఓదార్చడానికి వస్తుంది. పీటర్ ఆమె మీద అరిచేస్తాడు, గుండె కోసేలాంటి మాటలు అంటాడు, వెళ్లిపొమ్మంటాడు. ఆమె తలుపు దాకా వెళ్తుంది. చెయ్యి తలుపు మీద ఉంటుంది, కళ్లలో నీళ్లు. వెళ్లదు. లోపల్నుంచే తలుపు వేస్తుంది. చుట్టాలంతా వెళ్లిపోతే ఒక్క మనిషి మిగిలిపోయినట్టు.

ఇప్పుడు బయటి పరిస్థితి. గోబ్లిన్ ముసుగు వెనక ఉన్నది నార్మన్ ఆస్‌బర్న్ అనే వ్యాపారవేత్త. అతని శవం ఒంటి మీద గోబ్లిన్ డ్రెస్ లేదు, ఎవరో తీసేశారు. కాబట్టి న్యూయార్క్ మొత్తానికి తెలిసింది ఒక్కటే: ఒక పెద్దమనిషిని స్పైడర్‌మాన్ చంపేశాడు. స్పైడర్‌మాన్ అంటేనే పడని డైలీ బ్యూగిల్ పేపర్ ఓనర్ జోనా జేమ్సన్‌కి ఇంకేం కావాలి? 123లో డబ్బు తీసుకుని పని చేసే హీరో ల్యూక్ కేజ్‌కి డబ్బిచ్చి స్పైడర్‌మాన్ మీదికి పంపిస్తాడు. అంటే ప్రియురాలు పోయినవాడిని ఊరంతా హంతకుడు అంటోంది, వాడు నోరు విప్పి చెప్పుకోలేడు కూడా. ఇలాంటప్పుడు ఆ ఖాళీ ఇంటి తలుపు కొట్టింది ఎవరనుకుంటున్నారు? ఏళ్ల తరబడి మనతో గొడవ పడుతున్న ఎదురింటాయన కొడుకు.

(స్క్రీన్ మీద: 124 కవర్)

1973 సెప్టెంబర్ సంచిక. రాసింది గెర్రీ కాన్వే, అప్పటికి ఆయన వయసు ఇరవై. బొమ్మలు గిల్ కేన్. మ్యాన్‌వుల్ఫ్ అంటే జాన్ జేమ్సన్, జోనా కన్నకొడుకు, వ్యోమగామి. ఇతను కొత్తవాడేం కాదు. 1963లో అమేజింగ్ స్పైడర్‌మాన్ మొట్టమొదటి సంచికలోనే జాన్ ఉన్న అంతరిక్ష నౌక అదుపు తప్పితే స్పైడర్‌మాన్ గాల్లోకి ఎగిరి మరీ కాపాడాడు. దానికి జోనా కృతజ్ఞతగా చేసిందేమిటి, వాడే ఏదో కుట్ర చేశాడని పేపర్లో రాశాడు. 1966లో 42వ సంచికలో ఇదే జాన్‌కి అంతరిక్షం నుంచి వచ్చిన బీజాల వల్ల విపరీతమైన బలం వస్తే అతనితోనే కొట్లాడాల్సి వచ్చింది. పదేళ్లుగా పీటర్ ఈ కుటుంబం కోసం ఒళ్లు హూనం చేసుకుంటూనే ఉన్నాడు.

ఈసారి జాన్ చంద్రుడి మీద ఒక ఎర్రటి రాయి దొరికితే తెచ్చుకున్నాడు, లాకెట్‌లా చేయించుకుని మెళ్లో వేసుకున్నాడు. వెన్నెల పడగానే ఆ రాయి గొంతు దగ్గర చర్మానికి అతుక్కుపోయింది. మనిషి తోడేలు అయిపోయాడు. శాపం లేదు, తోడేలు కాటు లేదు, మంత్రం లేదు. ఎందుకు లేదో కూడా చెప్తాను, ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి.

అమెరికాలో 1954 నుంచి కామిక్స్ కోడ్ అని ఒకటి ఉండేది. పిల్లల పుస్తకాల్లో రక్తపిశాచులు, తోడేలు మనుషులు కనపడకూడదు. 1971లో ఆ నిబంధన సడలించారు. డ్రాక్యులా, ఫ్రాంకెన్‌స్టైన్ లాంటి పాత సాహిత్యం పద్ధతిలో చూపిస్తే పర్లేదన్నారు. జాంబీలకి మాత్రం అప్పుడు కూడా అనుమతి రాలేదు. అంతే, స్పైడర్‌మాన్ కామిక్స్ వేసే మార్వెల్ కంపెనీకి గేట్లు తెరుచుకున్నాయి. 1971లో స్పైడర్‌మాన్ 101లో రక్తం తాగే మోర్బియస్ వచ్చాడు, 1972లో వేర్‌వుల్ఫ్ బై నైట్, టూంబ్ ఆఫ్ డ్రాక్యులా వచ్చాయి. మోర్బియస్ కూడా సైన్స్ వల్లే అలా అయినవాడు, ఇప్పుడు ఈ తోడేలు కూడా. అపోలో 17 చంద్రుడి మీద దిగింది 1972 డిసెంబర్‌లో. కాబట్టి ఆనాటి పాఠకుడికి చంద్రుడి నుంచి రాళ్లు తేవడం అంటే నిన్నమొన్నటి పేపర్లో చదివిన వార్త. పాత భయాన్ని తెచ్చి తాజా వార్తకి అతికించాడు కాన్వే. ఇరవై ఏళ్ల కుర్రాడికి ఆ ఆలోచన రావడం నాకిప్పటికీ ఆశ్చర్యమే.

సరే, అసలు పాయింట్. గోబ్లిన్‌ని ద్వేషించడం సులువు. చేసిందంతా వాడే, తెలిసి చేశాడు, నవ్వుతూ చేశాడు. ఈ తోడేలుని ద్వేషించడానికి ఏముంది? లోపల ఉన్నది ఒక మంచి మనిషి, తను ఏం చేస్తున్నాడో తనకే తెలియదు. పైగా ఆ తోడేలు కన్నతండ్రి మీదికే వస్తుంది. పీటర్ ఒంట్లో కోపం ఇంకా మరుగుతూనే ఉంది, కొట్టడానికి ఎదురుగా ఒక మృగం కూడా ఉంది, కానీ మనసారా కొట్టే హక్కు మాత్రం లేదు. చుట్టాలు వెళ్లాక ఇంట్లో మిగిలేది ఈ కోపమే కదా. డాక్టర్‌ని తిడదామంటే డాక్టర్ లేడు, దేవుణ్ణి తిడదామంటే ఆయన పలకడు. ఎదురింటి కుర్రాడు కష్టంలో ఉండి తలుపు కొడితే, వాడి తండ్రి మనల్ని ఎన్ని మాటలన్నా సరే, లేచి వెళ్లాల్సిందే. పీటర్ లేచి వెళ్లాడు. తన మీద హంతకుడని ముద్ర వేసినవాడి కొడుకు కోసం వెళ్లాడు. దీన్ని ఫిల్లర్ అంటే నేనొప్పుకోను.

(స్క్రీన్ మీద: 125 కవర్)

125, అక్టోబర్ 1973. ఇక్కడి నుంచి బొమ్మలు రాస్ ఆండ్రూ. చివరికి స్పైడర్‌మాన్ ఆ రాయిని గొంతు దగ్గర పట్టుకుని బలవంతంగా పీకేస్తాడు. చర్మంలో కలిసిపోయిన రాయి అది, ఊరికే ఊడిరాదు. పీకగానే జాన్ మళ్లీ మనిషవుతాడు.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. 121లో వంతెన మీద నుంచి గ్వెన్ పడుతున్నప్పుడు పీటర్ విసిరిన వెబ్, అంటే సాలెదారం, ఆమె కాళ్లకి తగిలి ఆపుతుంది. ఆ బొమ్మలో మెడ పక్కన "స్నాప్" అని చిన్న అక్షరాలు. పీటర్ చూడలేదు, కానీ పాఠకులు చూశారు. పడే వేగానికే చనిపోయిందా, వెబ్ ఆపడం వల్ల చనిపోయిందా అని ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. దానికి మార్వెల్ జవాబు ఎక్కడ వేసిందో తెలుసా? ఈ 125లోనే, ఉత్తరాల పేజీలో. వెబ్ ఆమెని అంత హఠాత్తుగా ఆపడం వల్ల మెడకి తగిలిన విసురే ప్రాణం తీసిందని రాశారు. అంత్యక్రియలు అయిపోయి అందరూ వెళ్లిపోయాక చేతికొచ్చిన పోస్ట్‌మార్టం రిపోర్ట్ అది.

అంటే ఒకే పుస్తకంలో రెండు సంగతులు. కథలో అవే చేతులు బలంకొద్దీ లాగి ఒక మనిషిని బతికించాయి. అదే పుస్తకంలో ఇంకో పేజీలో, అవే చేతులు కాపాడబోయి గ్వెన్ ప్రాణం తీశాయన్న నిజం. ఇది కావాలని పక్కపక్కన పెట్టారని నేను చెప్పను, ఉత్తరాల పేజీ వేరు, కథ వేరు. కానీ 1973లో ఆ సంచిక కొన్న కుర్రాడు రెండూ ఒకే రోజు చదివాడు. ఈ రెండు సంచికల్ని దాటేసి వెళ్లిపోతే ఆ దెబ్బ మనకి తగలదు, నా బాధ అదే.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. ఆ రాయి కథ అక్కడితో అయిపోలేదు, 1974లో మోర్బియస్ దాన్ని మళ్లీ జాన్ మెడకి చేరుస్తాడు. క్రీచర్స్ ఆన్ ద లూజ్ 30 నుంచి మ్యాన్‌వుల్ఫ్‌కి సొంత కథలే వచ్చాయి, తర్వాత మార్వెల్ ప్రీమియర్‌లో అది కత్తి పట్టుకున్న వేరే లోకపు వీరుడి కథగా మారిపోయింది, అది నాకంత నచ్చలేదు. 129లో పనిషర్, జాకల్ అనే కొత్త పాత్రలు వస్తాయి. 1975లో గ్వెన్ క్లోన్ కథ, దాని మీద విడిగా వీడియో చేయాలి, చాలా ఉంది.

చదవాలనుకునేవాళ్లు మార్వెల్ వాళ్ల కామిక్స్ యాప్ మార్వెల్ అన్‌లిమిటెడ్‌లో 121 నుంచి 125 దాకా వరసగా చదవండి, మధ్యలో 123 కూడా వదలొద్దు, ల్యూక్ కేజ్ జోనా డబ్బు తిరిగిచ్చేసే సీన్ అందులోనే ఉంది. చదివాక కూడా మీకిది ఫిల్లరే అనిపిస్తే కామెంట్లలో ఏ పేజీ దగ్గర అలా అనిపించిందో రాయండి, కూర్చుని మాట్లాడుకుందాం.