మే నెలాఖర్లో ఖాతాలో ఒక ఐదొందలు ఉంచండి

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలందరి పేర్లూ చెబితే పిల్లలకి ఆకలేస్తుంది, హెడ్‌మాస్టరుగారికి ఒక్కరికే దండం పెట్టి మొదలుపెడతాను. నన్ను పొదుపు గురించి మాట్లాడమన్నారు. నేను మాత్రం ఇంట్లో సంపాదించే మనిషి పోతే ఏమిటన్నది మాట్లాడతాను. అశుభం అనుకోకండి.

మనలో చాలామందికి పాలసీ అంటే బావమరిదో పిన్ని కొడుకో ఏజెంటై వచ్చి, మొహమాటపెట్టి చేయించేది. ఏటా వేలకు వేలు కడతాం, మనిషి పోతే వచ్చేది లక్షో రెండు లక్షలో. "చివర్లో డబ్బు తిరిగొస్తుంది కదండీ" అంటారు. వస్తుంది, కాదనను. అదే డబ్బు టర్మ్ పాలసీకి, అంటే గడువు లోపల మనిషి పోతేనే డబ్బిచ్చేదానికి కడితే, ఇంటికొచ్చే సొమ్ము ఎన్నో రెట్లు ఉంటుంది. బతికుంటే పైసా రాదు, అదే మనకి మింగుడుపడదు. సరళ్ జీవన్ బీమా అని 2021లో ఒక మామూలు టర్మ్ పాలసీ తెచ్చారు, ఐదు లక్షల నుంచి పాతిక లక్షల దాకా. దాని గురించి అడగండి. నాన్నకే కాదు, జీతం తెచ్చే అమ్మకి కూడా.

సరే, అసలు విషయం. కేంద్ర ప్రభుత్వం వాళ్ళ జీవన్ జ్యోతి బీమా పథకం. బ్యాంకు ఖాతా ఉంటే చాలు, ఏడాదికి 436 రూపాయలు, ఏ కారణంతో పోయినా రెండు లక్షలు. 18 నుంచి 50 ఏళ్ళ లోపు చేరాలి. మా వీధిలో సెంట్రింగ్ పని చేసే ఆయన చేరాడు, భార్య హాస్టల్లో వంట. నాలుగైదేళ్ళు మే నెలలో ఖాతాలోంచి ఆ డబ్బు దానంతటదే కోత పడింది. ఆ ఏడాది మే చివరి వారంలో ఖాతాలో మూడొందల చిల్లర మాత్రమే ఉంది. కోత పడలేదు. జూన్ ఒకటి నుంచి బీమా లేదు, ఆయనకి తెలియదు. ఆగస్టులో గుండెపోటు. ఆమె పాస్‌బుక్కు పట్టుకుని బ్యాంకుకి వెళితే "మెసేజ్ పంపాం కదమ్మా" అన్నారు. ఇంగ్లీషులో! ఆ ఫోను పిల్లాడి చేతిలో ఉండేది, ఆటలకి. వంద రూపాయల తేడా అండీ, వంద! ఒక్క ఫోన్ కాల్ చేసి ఉంటే పక్కింటాయన ఇచ్చేవాడు, నేనిచ్చేవాణ్ణి. ఇది ఎక్కడ మాట్లాడినా చెబుతాను, ఎంతమంది విసుక్కున్నా సరే.

కాబట్టి మీ పాస్‌బుక్కులు తెరిచి మే నెల పేజీ చూడండి. 436 కనబడకపోతే రేపే వెళ్ళండి. జూన్‌లో మొదలయ్యే బీమా ఏడాది మధ్యలో చేరితే మొదటిసారి తక్కువే కడతారు, డిసెంబరులో అయితే 228. కాకపోతే కొత్తగా చేరిన మొదటి 30 రోజులు ప్రమాదంలో పోతే తప్ప డబ్బు రాదు. ప్రమాదాలకి 20 రూపాయలది సురక్షా బీమా వేరే ఉంది, అదీ కట్టండి.

జీతంలో పీఎఫ్ కోత పడేవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. చూశారా, ఇంతమంది! ఉద్యోగంలో ఉండగా పోతే మీ ఇంటికి ఏడు లక్షల దాకా వచ్చే బీమా దాంట్లోనే ఉంది, మీరు రూపాయి కట్టక్కర్లేదు. ఈ సంగతి మీ ఆవిడకి తెలుసా? నామినీగా పెళ్ళికి ముందు రాసిన పేరే ఉందేమో కూడా చూసుకోండి.

ఇక ప్రశ్నలు అడగండి. ఏజెంటుగారు ఎవరైనా ఉంటే ఆయన ఆఖర్న.