టేబుల్ మీద మెటల్ ప్రింటర్ సాధ్యమేనా?

హోస్ట్: అన్నా, ప్లాస్టిక్ 3డి ప్రింటర్ ఇవాళ పాతిక వేలకే దొరుకుతోంది. స్టీల్ పౌడర్‌ని లేజర్‌తో కరిగించే మెషిన్ కూడా అలా టేబుల్ మీదికి వస్తుందా?

ఇంజనీర్: 2016లోనే గట్టి ప్రయత్నం జరిగింది తమ్ముడూ. జర్మనీలో ఆకెన్‌లోని ఫ్రాన్‌హోఫర్ ఐఎల్‌టీ అనే లేజర్ పరిశోధన సంస్థ వాళ్లు 140 వాట్ల డయోడ్ లేజర్‌తో చిన్న మెషిన్ తయారుచేశారు. ఖర్చు 30 వేల యూరోల లోపే అన్నారు. లేజర్ కిరణాన్ని అద్దాలతో తిప్పే ఖరీదైన స్కానర్ తీసేసి, లేజర్ హెడ్‌నే ఎక్స్, వై పట్టాల మీద నడిపించారు.

హోస్ట్: మన ప్లాస్టిక్ ప్రింటర్‌లాగే! మరి ఇంకేం అడ్డు?

ఇంజనీర్: గాలి. పౌడర్ రేణువులు 15 నుంచి 45 మైక్రాన్లే ఉంటాయి, మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. కరిగిన లోహానికి ఆక్సిజన్ తగిలితే ఆక్సైడ్ పేరుకుని, పొరలు సరిగ్గా అతుక్కోవు. అందుకే ఛాంబర్ నిండా లోహంతో కలవని ఆర్గాన్ గ్యాస్ నింపి, ఆక్సిజన్‌ని 0.1 శాతం దగ్గరో, అంతకన్నా తక్కువో ఉంచుతారు. అంటే లీకవని సీళ్లు, సెన్సర్లు, పొగ లాగే ఫిల్టర్ కావాలి. ఆ ఫిల్టర్‌లో చేరే మసి ఉంది చూడు, మూత తీసి గాలి తగిలితే దానంతటదే అంటుకోవచ్చు. నాకు అసలు భయం అక్కడే. టైటానియం, అల్యూమినియం పౌడర్లు మండితే నీళ్లు పోయకూడదు, ఇంకా ప్రమాదం. పిల్లలు తిరిగే ఇంట్లో ఇవన్నీ పెట్టుకోమని నేను చచ్చినా చెప్పను.

హోస్ట్: చెక్క మీద బొమ్మలు చెక్కే 5 వాట్ల లేజర్ పెడితే?

ఇంజనీర్: చాలదు. 316ఎల్ అనే రకం స్టెయిన్‌లెస్ స్టీల్ కరగాలంటే దాదాపు 1400 డిగ్రీల సెల్సియస్ కావాలి. పైగా ప్రింట్ అయ్యాక పార్ట్ కింది లోహపు ప్లేట్‌కి వెల్డ్ అయిపోయి ఉంటుంది. లోపలి స్ట్రెస్ పోవడానికి ముందు ఫర్నేస్‌లో పెట్టాలి, తర్వాత కరెంటు పారే సన్న తీగతో లోహాన్ని కోసే వైర్‌కట్ మెషిన్‌లో కోయించాలి. ఈ ఖర్చులేవీ మెషిన్ ధరలో కనిపించవు.

హోస్ట్: మరి నాలాంటివాడికి దారేంటన్నా?

ఇంజనీర్: స్టీల్ పౌడర్ కలిపిన ఫిలమెంట్, అంటే ప్రింటర్‌లో వాడే ప్లాస్టిక్ తీగ ఉంది, అల్ట్రాఫ్యూజ్ 316ఎల్ లాంటిది. మామూలు ప్రింటర్‌లోనే ప్రింట్ చేసి, బైండర్ (పౌడర్‌ని పట్టి ఉంచే ప్లాస్టిక్) తీసి, సింటరింగ్ (పూర్తిగా కరిగించకుండా వేడితో రేణువుల్ని అతికించడం) చేసే చోటికి పంపాలి. పార్ట్ 16 నుంచి 20 శాతం దాకా కుంచించుకుపోతుంది కాబట్టి ముందే పెద్దదిగా ప్రింట్ చేసుకోవాలి.

హోస్ట్: అయితే లేజర్ మెషిన్ ఆశ వదులుకోవాల్సిందేనా?

ఇంజనీర్: ఇంటికైతే వదిలేయ్. కాలేజీ ల్యాబ్‌కి మాత్రం సాధ్యమే. ఒక్క స్టెయిన్‌లెస్ స్టీల్‌కే పరిమితమై, విడి గది, గ్యాస్ లైన్, ట్రైనింగ్ ఉన్న మనిషి ఉంటే చాలు. మన పాలిటెక్నిక్‌లలో అలాంటి మెషిన్ ఒక్కటైనా ఉండాలని నా కోరిక. కొనేటప్పుడు మాత్రం మెషిన్‌కి ఒక్కదానికే కాదు, ఆర్గాన్‌కి, ఫిల్టర్లకి, ఫర్నేస్‌కి కూడా కలిపి కొటేషన్ అడగాలి.